స్కార్మా, ఎక్స్‌ఏపీఐయా? మన కాలేజీలకు ఏది మేలు?

తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో మూడుల్ (ఆన్‌లైన్ పాఠాలు నడిపే సాఫ్ట్‌వేర్) చూసుకునేవాళ్ళు కలిస్తే చాలు, ఒకటే అడుగుతున్నారు: "సార్, స్కార్మ్ పాతబడిపోయింది కదా, ఎక్స్‌ఏపీఐకి మారిపోదామా?"

ఆన్‌లైన్ పాఠం ఎవరు ఎంత చదివారో లెక్క రాసే పద్ధతులే ఈ రెండూ. స్కార్మ్ పాతదే, కాదనను. దాని 1.2 వెర్షన్ వచ్చింది 2001లో. కానీ నేను ముందు చూసేది సిగ్నల్ సంగతి. పలమనేరు నుంచి చిత్తూరు వచ్చే పిల్లలు బస్సులోనే ఫోన్‌లో పాఠం తెరుస్తారు. మొగిలి ఘాట్ దిగేటప్పుడు నెట్ పోయిందనుకోండి, అప్పటిదాకా చదివింది లెక్కలోకి వస్తుందా?

స్కార్మ్ పాఠం బ్రౌజర్‌లో నడుస్తూ, ఎప్పటికప్పుడు ఎల్ఎంఎస్‌కు, అంటే మూడుల్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు, లెక్క అప్పజెబుతుంటుంది. నెట్ తెగితే అక్కడితో ఆగిపోతుంది. ఎక్స్‌ఏపీఐలో అయితే ఎవరు, ఏం చేశారు, దేని మీద చేశారు అని ఒక్కో వాక్యంగా నమోదవుతుంది. వాటిని ఫోన్‌లోనే దాచి, నెట్ వచ్చాక పంపొచ్చు. ఈ మాట వినగానే అందరూ అటు మొగ్గుతారు. అయితే దాచి పంపే పని చేయాల్సింది యాప్. ఆ యాప్ ఎవరో ఒకరు రాయాలి. పంపినవి అందుకోవడానికి ఎల్ఆర్ఎస్ అనే సర్వర్ కావాలి. అదీ చివరికి ప్రింటర్లు బాగుచేసే ల్యాబ్ అసిస్టెంట్ నెత్తినే పడుతుంది.

ఇంతకీ మూడుల్ సొంత మొబైల్ యాప్‌లో స్కార్మ్ 1.2 ప్యాకేజీని డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండానే చదవొచ్చు, తర్వాత సింక్ అవుతుంది. అడ్మిన్ సెట్టింగుల్లో ప్యాకేజీ డౌన్‌లోడ్‌కు ఉన్న రక్షణను తీసేస్తే చాలు. ఈ సంగతి తెలియకే సగం టెన్షన్.

1.2తో అసలు ఇబ్బంది వేరే ఉంది. ఎక్కడిదాకా చదివారో గుర్తుపెట్టుకునే చోట 4096 అక్షరాలే పడతాయి. పెద్ద పాఠమైతే అది నిండిపోయి, మళ్ళీ తెరిస్తే మొదటి స్లైడ్ దగ్గరకే తీసుకెళ్ళొచ్చు. అందుకే యూనిట్ మొత్తం ఒకే ప్యాకేజీగా చేయకుండా, పది పదిహేను నిమిషాల ముక్కలుగా విడగొట్టమంటాను.

స్కార్మ్ 2004 అనే తర్వాతి వెర్షన్‌లో పూర్తి చేయడం, పాసవడం విడివిడిగా ఉంటాయి, బాగానే ఉంటుంది. మూడుల్‌లో దానికి పూర్తి మద్దతు లేదు కాబట్టి మనకు అక్కర్లేదు. స్కార్మ్ కంటే పాత పద్ధతి ఏఐసీసీ ఊసే వద్దు, దాన్ని తయారుచేసిన కమిటీయే 2014లో మూతపడింది.

నర్సింగ్ కాలేజీలో బొమ్మ మీద సీపీఆర్ నేర్పి, ఆ లెక్కలు కూడా కావాలంటే మాత్రం ఎక్స్‌ఏపీఐ తప్పదు. సొంత యాప్ చేయించుకుంటుంటే 2016లో వచ్చిన సీఎంఐ5 అడగండి. అది ఎక్స్‌ఏపీఐకే ఎల్ఎంఎస్‌లో నడిచే నియమాలు పెట్టింది. మిగతా అందరికీ నా ఓటు 1.2కే.

ఏది కొన్నా, వెండర్‌ను మీ ముందే ఫోన్‌లో పాఠం తెరవమనండి. మధ్యలో ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టించి నాలుగు స్లైడ్లు తిప్పించండి. యాప్ మూసి, నెట్ ఆన్ చేసి, మళ్ళీ తెరిచాక రిపోర్ట్‌లో ఆ నాలుగూ కనబడితేనే బిల్లు మీద సంతకం పెట్టండి.