నాన్న ఆల్బంలోని ఎడెల్వైస్ కోసం స్విట్జర్లాండ్ వెళ్ళాం

నాన్న స్టాంపుల ఆల్బంలో రెండు స్విస్ బిళ్ళలున్నాయి. ఒకటి 1913 నాటిది, మాటర్‌హార్న్ కొండ ముందు హెల్వెటియా బొమ్మ (మనకి భారతమాత లాగా వాళ్ళకి హెల్వెటియా). రెండోది 1944 నాటిది, ఎడెల్వైస్ పువ్వు, మీద 10+5 అని ఉంటుంది. పది రాపెన్లు (వాళ్ళ పైసలు) తపాలాకి, అయిదు పిల్లల కోసం పనిచేసే ప్రో యువెంటూటె సంస్థకి. పిల్లల్లో క్షయని ఎదుర్కోవడానికి 1912లో పెట్టిన సంస్థ అది. జూలైలో నేనూ మా ఆవిడా వెళ్ళినప్పుడు ఈ రెండు బొమ్మలే మా ప్లాను.

ముందు మాటర్‌హార్న్ కింద ఉన్న జెర్మాట్. ఊళ్ళోకి పెట్రోలు కార్లు రానివ్వరు, టేష్‌లో దిగి రైల్లో పన్నెండు నిమిషాలు వెళ్ళాలి. డబ్బు కలిసొస్తుందని టేష్‌లోనే రూమ్ తీసుకున్నాం, బుకింగ్‌లో కిచెన్ ఉందన్నారు, తీరా చూస్తే ఒక కెటిల్, ఒక మైక్రోవేవ్. తెచ్చుకున్న కందిపొడి, మాగాయే కాపాడాయి. గోర్నర్‌గ్రాట్ రైలు 33 నిమిషాల్లో 3,089 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది, రైలు పాస్ ఉంటే సగం రేటే గానీ ఆ సగమే గుండె గుభేల్ మనిపిస్తుంది. పైన అంతా మబ్బు. గంటసేపు వణికాక మాటర్‌హార్న్ కొస కనిపించింది, మళ్ళీ మాయం. టికెట్ కొనే ముందు పైన మబ్బుందో లేదో వెబ్‌క్యామ్‌లో చూసుకోండి, మేం చూడలేదు.

నన్నడిగితే మాత్రం షీనిగె ప్లాట్టె. ఇంటర్లాకెన్ పక్కన విల్డర్స్‌విల్ నుంచి 1893 నాటి పళ్ళచక్రాల రైలు, చెక్క బెంచీలు, దాదాపు గంటసేపు ఆవుల గంటలు వింటూ ఎక్కుతుంది, పైన స్టేషన్ పక్కనే ఆల్పైన్ పూల తోట, ఎదురుగా ఐగర్, మెంక్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు. ఎడెల్వైస్ ఎక్కడా అని వెతుకుతుంటే మా ఆవిడే చూపించింది, కాళ్ళ దగ్గరే ఉంది! స్టాంపు మీద అంత దర్జాగా ఉన్నది ఇక్కడ జానెడు కూడా లేదు, దూది అద్దినట్టుంది. తెల్ల రేకులనుకున్నవి ఆకులేనట, అసలు పూలు మధ్యలోని పసుపు గుండీలు.

విల్డర్స్‌విల్‌లో గది చిన్నదే, కానీ వంటిల్లుంది, ఇంటావిడ నెమ్మదస్తురాలు. జెర్మాట్‌కి ఒక్క రోజు తగ్గించి ఇక్కడ ఉండాల్సింది.

తిరుగు దారిలో బెర్న్‌లో ఒక స్టాంపుల కొట్లో అదే 1944 బిళ్ళ అడిగా. కాఫీ ధరలో సగం కూడా లేదు. నాన్నకి ఆ రేటు చెప్పలేదు, ఇంకోటి కొనుక్కొచ్చి ఇచ్చానంతే.