చెవి ఆపరేషన్లకి రబ్బరు హాఫ్ మాస్క్: స్క్రబ్ నర్సుగా నా రివ్యూ

తిరుపతిలో ఒక ఈఎన్‌టీ ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్‌కి పరికరాలు అందించే నర్సుగా పనిచేస్తున్నాను. రెండు పక్కలా పింక్ రంగు పీ100 ఫిల్టర్లు బిగించుకునే, ముక్కూ నోరూ మూసే రబ్బరు మాస్క్ గురించి సిస్టర్లు అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. కొనొచ్చు, కానీ అందరికీ పనికిరాదు.

మాస్టాయిడ్ కేసులో, అంటే చెవి వెనక ఎముకని తొలిచే ఆపరేషన్‌లో, డ్రిల్ తిరుగుతున్నంతసేపూ సెలైన్ పోస్తూనే ఉంటాం కదా, ఆ నీళ్లూ ఎముక పొడీ రక్తమూ కలిసి తుంపరగా లేస్తాయి, కేసయ్యాక మైక్రోస్కోప్‌కి కప్పే ప్లాస్టిక్ డ్రేప్ మీద తెల్లటి చుక్కలు ఎండిపోయి ఉంటాయి చూడండి. మరి కంటికి కనబడని సన్నవి ఎటు పోయినట్టు? మధ్య చెవి ఒక గొట్టంతో ముక్కు వెనక భాగానికి కలిసే ఉంటుంది. 2020లో అమెరికాలో కోవిడ్ ఉన్న మూడు మృతదేహాల్ని పరీక్షిస్తే రెండింటి చెవుల్లో వైరస్ దొరికింది. కోవిడ్ సంగతి వదిలేసినా మనకి టీబీ ఉండనే ఉంది, మామూలు చీము చెవి అనుకుని టేబుల్ ఎక్కించాక బయాప్సీలో బయటపడే రకం.

ఎన్95 సన్నటి రేణువుల్లో కనీసం 95 శాతం ఆపుతుంది, పీ100 అయితే 99.97. మాస్క్ ముఖానికి అతుక్కుంటేనే సుమా! అరచేతులతో ఫిల్టర్లు మూసి గాలి పీలిస్తే మాస్క్ లోపలికి లాక్కుని అలాగే ఉండాలి. మా టెక్నీషియన్ తమ్ముడు మొక్కు గడ్డం పెంచుతున్నాడు, ఎంత బిగించినా లీకే. కళ్యాణకట్టకి వెళ్లొచ్చాక చూద్దాంలే అని చెప్పేశాం.

పెద్ద లోపం వాల్వ్. మనం వదిలే గాలి వడపోత లేకుండా బయటికి వచ్చేస్తుంది, కింద తెరిచిన చెవి ఉంటుంది, కాబట్టి పైన సర్జికల్ మాస్క్ కట్టాల్సిందే. దాంతో మాట ఇంకా మూసుకుపోతుంది, బర్ (డ్రిల్ మొన) సైజు వేళ్లతో చూపించుకోవాల్సి వస్తుంది.

సర్జన్లకి మాత్రం వద్దు. మా సార్ ఒక్క కేసులోనే తీసేశారు, ఐపీస్‌కి కళ్లు ఆనకుండా ఫిల్టర్లు అడ్డం. ఆయన ఎన్95తోనే చేస్తారు, మైక్రోస్కోప్ నుంచి పేషెంట్ మీదికి ఇంకో డ్రేప్ టెంట్‌లా దించి లోపల సక్షన్ పెడతాం.

రబ్బరు భాగాన్ని సబ్బు నీళ్లతో కడగొచ్చు, ఫిల్టర్లు తడపకూడదు. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చేవాటిలో నియోష్ (మాస్కులకి ఆమోదం ఇచ్చే అమెరికా సంస్థ) వాళ్ల టీసీ-84ఏ ఆమోదం నంబర్ ఎక్కడా లేకపోతే రిటర్న్ కొట్టేయండి.