విండీ యాప్: మిర్చి కల్లం నుంచి ఒక రివ్యూ

మిర్చి ఆరబోసినప్పుడల్లా మబ్బు పడితే టెన్షనే, అందుకే రెండేళ్లుగా విండీ అనే వాతావరణ యాప్ వాడుతున్నాను. అమెరికావాళ్ల జీఎఫ్‌ఎస్, యూరప్‌వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్ అనే రెండు వాతావరణ అంచనా కంప్యూటర్ మోడళ్లనూ ఇందులోనే పోల్చి చూసుకోవచ్చు, నాకు నచ్చింది అదే. జీఎఫ్‌ఎస్‌ను రోజుకు 4 సార్లు నడుపుతారు, మన టైములో ఉదయం 5.30, 11.30, సాయంత్రం 5.30, రాత్రి 11.30 నాటి కొలతలతో మొదలుపెట్టి, లెక్క తేలి ఫోన్‌కి చేరేసరికి ఇంకొన్ని గంటలు పడుతుంది, కాబట్టి పొద్దున ఆరింటికి మనం చూసేది రాత్రి లెక్కే. ఇది తెలియక మొదట్లో పది నిమిషాలకోసారి తెరిచేవాడిని, పిచ్చి పని! జీఎఫ్‌ఎస్ లెక్క కోసం నేలను విడగొట్టే ఒక్కో గడి వెడల్పు సుమారు 13 కిలోమీటర్లు, యూరప్‌ది 9, అంటే ఒక్క ఊరి మీద పడే ఉరుముల వానను పట్టడం రెండింటికీ కష్టమే. తుఫానుకైతే రెండూ ఒకే దారి చూపిస్తే వెంటనే పట్టాలు కప్పేస్తాను, చెరో దారి చూపిస్తే ఐఎండీ (భారత వాతావరణ శాఖ) బులెటిన్ చదువుతాను.