కోడిపుంజు ఇస్త్రీ పెట్టె కొంటున్నారా? డబ్బులు పంపే ముందు ఇది చదవండి

ఫిలిప్పీన్స్‌లో, అంటే దావావ్‌లో, మనీలాలో చదువుకుంటున్న మన తెలుగువాళ్లకి, వాళ్ల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకి ఈ హెచ్చరిక. ఆన్‌లైన్‌లో పాత బొగ్గుల ఇస్త్రీ పెట్టెలు, అదే మూత గడియ మీద కోడిపుంజు బొమ్మ ఉండేవి, అమ్మకానికి చూస్తుంటే దయచేసి తొందరపడకండి. నేను తొందరపడి 4,800 పెసోలు పోగొట్టుకున్నాను. మన డబ్బుల్లో ఏడు వేల రూపాయలకు అటూ ఇటూ. ఆ డబ్బు కంటే ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి ఉంది, అది కూడా చెప్తాను.

నేను అద్దెకుండే ఇంటి యజమానురాలు ఎనభైకి దగ్గరపడిన పెద్దావిడ. అందరిలాగే నేనూ లోలా అంటాను, అంటే అమ్మమ్మ. వాళ్లమ్మ ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి పిల్లల్ని పెంచింది. కొబ్బరి చిప్పల బొగ్గు రాజేసి, పెట్టెలో పోసి, గుమ్మం దగ్గర నిలబడి నిప్పు ఎర్రబడేదాకా అటూ ఇటూ ఊపడం పెద్దకూతురుగా లోలా పని. ఇస్త్రీ చేయడాన్ని ఇక్కడి బిసాయా భాషలో ఉతావ్ అంటారు. పెట్టెని మాత్రం ప్లాంత్సా అంటారు, స్పానిష్ వాళ్లు వదిలిపెట్టి వెళ్లిన మాట. పెట్టె అడుగుని ముందు అరిటాకు మీద రుద్దేవారట. ఆకు మీదుండే మైనంతో అడుగు నున్నబడి, గంజి పెట్టిన బట్ట మీద జారుతూ పోతుంది, బట్టకి ఆ వాసన కూడా పడుతుంది. ఇస్త్రీ అయ్యాక వెంటనే చేతులు కడగకూడదని, కడిగితే పాస్మా అనే జబ్బు పట్టి చేతులు వణుకుతాయని ఇక్కడి పెద్దవాళ్లకి గట్టి నమ్మకం. లోలా నాకు ఇప్పటికీ ఆ జాగ్రత్త చెబుతుంది. నేను చేసేది కరెంటు ఇస్త్రీ అయినా సరే.

వాళ్లింటి పెట్టెని లోలా ఊళ్లో లేనప్పుడు పిల్లలు పాతసామాన్లవాడికి తూకానికి వేసేశారు. అది చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారిపోతుంది. అందుకే పుట్టినరోజుకి అలాంటిదే ఒకటి వెతికి ఇద్దామనుకున్నాను. మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర బొగ్గుల వాసన పీల్చుకుంటూ పెరిగినదాన్ని, ఆ వస్తువు మీద ఆవిడ ప్రేమ నాకు తెలియకుండా ఎలా ఉంటుంది?

ఒక అమ్మకందారు దగ్గర దొరికింది. "1920ల నాటిది, పూర్తి ఇత్తడి, ఫిలిప్పీన్స్‌లోనే చేసింది, ఇప్పటికీ వాడుకోవచ్చు" అని రాశాడు. ఫొటోలు నాలుగు, అన్నీ ఒకే వైపు నుంచి తీసినవి. లోపలి ఫొటో అడిగితే ఇప్పుడు ఊళ్లో లేనన్నాడు. ఇంకొకరు అడుగుతున్నారు, ఈ రాత్రికే పంపితే 500 తగ్గిస్తానన్నాడు. పైగా యాప్ ద్వారా కాకుండా నేరుగా వాలెట్‌కి పంపమన్నాడు, కమిషన్ మిగులుతుందని. నేను పంపేశాను. ఇక్కడే నా తప్పు. యాప్ లోపల కడితే వస్తువు చేతికొచ్చి చూసుకునేదాకా డబ్బు యాప్ వాళ్ల దగ్గర ఆగుతుంది, తేడా వస్తే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. బయట పంపాక మనకంటూ పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

పెట్టె వచ్చింది. చూడ్డానికి బాగానే ఉంది, బరువుగానే ఉంది. పుట్టినరోజు ఉదయం లోలా చేతిని నుదుటికి ఆనించుకుని, ఇక్కడి పద్ధతిలో ఆశీర్వాదం తీసుకుని చేతిలో పెట్టాను. ఆవిడ ముందుగా బొటనవేలితో కోడిపుంజు తోక తడిమింది. మూత తెరిచి లోపల వాసన చూసింది. ఏమీ అనలేదు. పెరట్లోకి వెళ్లి అరిటాకు ముక్క కోసుకొచ్చింది, పొయ్యిలో నిప్పులు తీసి పోసింది. చనిపోయిన భర్తది ఒక తెల్ల చేతిరుమాలు బీరువాలోంచి తెచ్చింది, మొదటి ఇస్త్రీ దానికేనని.

పది నిమిషాలు కాకముందే రంగు కాలిన వాసన మొదలైంది. ప్లాస్టిక్ మాడినట్టు, గొంతులో పట్టేసే వాసన. మూత మీద పసుపు రంగు బుడగలు లేచింది. అరిటాకు మీద రుద్దితే జిగటగా ఒక చార పడింది. నేను ఆపమనేలోపే రుమాలు మీద పెట్టేసింది. తెల్ల బట్ట మీద బూడిద, పసుపు కలిసిన మరక, వేలెడు పొడవు. ఎంత ఉతికినా పోలేదు.

"బగ్-ఓ మన్ నీ, దాయ్" అంది. ఇది కొత్తదమ్మా అని. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఇంకా ఏడుపొచ్చింది.

తర్వాత కూర్చుని పరీక్షగా చూశాను. అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంది. ఇత్తడికి అయస్కాంతం అంటదు, అంటే పోత ఇనుము మీద బంగారు రంగు వేశారు. పాతవాటిలో అసలు ఇనుప పెట్టెలు కూడా ఉంటాయి కాబట్టి అతుక్కుంటే నకిలీ అని కాదు, ఇత్తడి అని చెప్పి అమ్మితే మాత్రం అబద్ధమే. మూత కీలు దగ్గర ప్లస్ గుర్తు స్క్రూ ఉంది. ఆ రకం స్క్రూకి ఫిలిప్స్ పేటెంట్లు వచ్చిందే 1936లో, 1920ల పెట్టెలోకి అది ఎక్కడినుంచి వస్తుంది? రిపేరు చేసినప్పుడు మార్చారని అమ్మేవాళ్లు అనొచ్చు, అప్పుడు మిగతా చోట్ల చూడాలి. ఏళ్ల తరబడి నిప్పులు మోసిన పెట్టె లోపల గోడలు గరుకుగా, పొరలు లేచి నల్లగా ఉంటాయి. నాకొచ్చినది లోపల మసి రాసినట్టు ఉంది, తడిబట్టతో తుడిస్తే వచ్చేసింది. నిజంగా వాడిన దాని కీలు రంధ్రం అరిగి కోలగా అవుతుంది, మూత కొంచెం వదులుగా ఆడుతుంది. చెక్క పిడి పట్టుకునే చోట నున్నగా నల్లబడి ఉంటుంది. అడుగున గీతలు పొడవునా ఉంటాయి. నా దానికి గ్రైండర్ పెట్టిన గుండ్రటి చారలు కనిపించాయి. కాబట్టి అడుగు, లోపల, కీలు, ఈ మూడు ఫొటోలు పంపని వాళ్ల దగ్గర అసలు కొనకండి. కోడిపుంజు ఉంది కాబట్టి ఇక్కడిదే అని కూడా నమ్మకండి, ఇండోనేషియాలో కూడా పాత పెట్టెల మీద అదే పుంజు ఉంటుంది.

మెడిసిన్ చదువుతున్నదాన్ని కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. రంగు వేసిన పెట్టెలో నిప్పులు పోయకండి. ఆ రంగులో ఏముందో మనకి తెలియదు, సీసం ఉంటే ఆ పొగ ముఖ్యంగా చిన్నపిల్లలకి చాలా ప్రమాదం. అసలుదైనా సరే, బ్రౌనౌట్ (కరెంటు కోత) వచ్చింది కదా అని హాస్టల్ గదిలో తలుపులు మూసుకుని బొగ్గులు రాజేయొద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టు అనిపించి, మనం అలసట అనుకునేలోపే స్పృహ పోతుంది. పాతకాలంలో వీళ్లు గాలి ఆడే ఇళ్లలో, గుమ్మాల దగ్గర వాడారు. ఏసీ గదుల్లో కాదు.

అమ్మినవాడికి ఫొటోలు పంపితే "రిటర్న్ లేదు, ఎక్స్‌ఛేంజ్ లేదు" అని ఒక లైను రాసి బ్లాక్ చేశాడు. ఆ మాటకి భయపడకండి. చెప్పిన వస్తువు ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే అలాంటి షరతు ఇక్కడ చెల్లదు, వాణిజ్య శాఖ డీటీఐ దాన్ని ఒప్పుకోదు. ఆన్‌లైన్ అమ్మకాలకి 2023లో వేరే చట్టం కూడా వచ్చింది. చాటింగ్ స్క్రీన్‌షాట్లు, డబ్బు పంపిన రసీదు, పార్సిల్ విప్పుతున్న వీడియో ఉంటే ఫిర్యాదుకి బలం. నా దగ్గర వీడియో లేదు. మిగతావాటితోనే ఫిర్యాదు పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.

నిజంగా పాతది దొరికి ఇండియాకి తీసుకెళ్దామనుకుంటే ముందు నేషనల్ మ్యూజియంలో అడగండి. పురాతన వస్తువులు దేశం దాటించడానికి అనుమతి తీసుకోవాలి, ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడేకంటే అది నయం.

ఇప్పుడు నేను ఆదివారాలు బాంకెరోహాన్ మార్కెట్ వైపు, పాత ఇనుప సామాను కొట్ల దగ్గర కళ్లతో చూసి, చేత్తో పట్టుకుని వెతుకుతున్నాను. లోలా వాళ్ల పెట్టె గుర్తు ఇది: కోడిపుంజు తోక సగానికి విరిగి ఉంటుంది, ఎనిమిదేళ్లప్పుడు ఆవిడే కింద పడేసింది. పిడికి కుడివైపు ఒక కాలిన మచ్చ. దావావ్‌లో ఎవరికైనా అలాంటిది కనబడితే కొనకపోయినా పర్లేదు, ఏ కొట్టులో చూశారో నాకు చెప్పండి.