జాగ్రత్త: ‘8 టీబీ నాస్ బాక్స్’ అని అమ్ముతున్నారు, మా నాన్న వీడియోలన్నీ పోయాయి

ఇప్పుడే రాజమండ్రి నుంచి ఇంటికొచ్చాను. అన్నం కూడా తినలేదు. చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. కోపం తగ్గాక రాయమంటోంది మా ఆవిడ. ఈలోగా ఇంకొకరెవరో అదే షాపుకి వెళ్ళి అదే బాక్స్ కొంటారేమోనని నా భయం.

షాపు పేరు రాయను. మన గోదావరి జిల్లాల్లో కంప్యూటర్ సామాను కొనేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. సంక్రాంతి ఆఫర్ అని జనవరిలో మనందరి ఫోన్లకీ మెసేజ్ పంపారే, వాళ్ళే.

నాస్ బాక్స్ అంటే ఇంటి నెట్‌కి తగిలించే డబ్బా, లోపల హార్డ్ డిస్కులుంటాయి, ఇంట్లో అందరి ఫోటోలూ వీడియోలూ అందులో దాచుకోవచ్చు. టీబీ అంటే వెయ్యి జీబీ. నేను ఎందుకు కొన్నానో రెండు ముక్కల్లో చెబుతాను. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమలో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. ఆ రాత్రి మా ఇంటి పెంకులు లేచిపోయి, ట్రంకు పెట్టెలోకి నీళ్ళు దిగాయి. అమ్మానాన్నల పెళ్ళి ఆల్బమ్ అందులోనే ఉంది. నాలుగు రోజుల తర్వాత నాన్న అరుగు మీద కూర్చుని ఒక్కొక్క అట్టా విడదీశారు. విడదీసిన కొద్దీ బొమ్మలు ఊడి వచ్చేశాయి. అమ్మ ముఖం ఒక అట్టకి, పుస్తె కట్టే నాన్న చెయ్యి ఇంకో అట్టకి అంటుకుపోయాయి. ఆయన వాటిని పారెయ్యలేదు, ఎండబెట్టి అలాగే దాచారు. మళ్ళీ మా ఇంట్లో ఆ పని ఎవరూ చెయ్యకూడదనే నాస్ బాక్స్ కొన్నాను. నా ఫోను, మా ఆవిడ ఫోను, తమ్ముడు మస్కట్ నుంచి పంపినవి, పాత వీడియో క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, అన్నీ కలిపి ఒకటిన్నర టీబీ. 4 టీబీ జాగా ఉంటే నాకు బోలెడు.

ఆ మాటే షాపాయనకి చెప్పాను. ఆరోజు ఆయన మర్యాదకి లోటు లేదు. కుర్చీ వేయించారు, సోడా తెప్పించారు. “ఆయ్, 8 టీబీ సెట్ తీసుకోండి మాస్టారూ, ఆఫర్‌లో ఉంది. లోపల రెండు డిస్కులుంటాయి. ఒకటి పోయినా రెండోది ఉంటుంది, మీరు నిశ్చింతగా పడుకోండి” అన్నారు. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే మాట. 38,500 ఇచ్చాను. కుర్రాడొచ్చి అరగంటలో బిగించి, ఫోన్‌లో యాప్ పెట్టి చూపించాడు: ఖాళీ జాగా 7.2 టీబీ. ఎనిమిదికి కొంచెం తక్కువ ఉందేమిటని అడిగితే అలాగే చూపిస్తుందండీ అన్నాడు. అది నిజమే. తయారు చేసేవాళ్ళు వెయ్యి లెక్కన కొలుస్తారు, మిషను 1024 లెక్కన కొలుస్తుంది, అందుకని 4 టీబీ డిస్కు 3.6గా కనిపిస్తుంది.

నేను చూడాల్సింది అక్కడే. రెండు డిస్కుల్లోనూ ఒకే సరుకు రాస్తుంటే, అంటే రైడ్ 1 పెడితే, యాప్‌లో 3.6 మాత్రమే కనిపించాలి. 7.2 కనిపించిందంటే రెండో కాపీ అసలు లేదు. వాళ్ళు పెట్టింది రైడ్ 0. పుస్తకం కుట్టు విప్పి బేసి పేజీలు ఒక పెట్టెలో, సరి పేజీలు ఇంకో పెట్టెలో పెట్టినట్టు, ప్రతి ఫైలునీ ముక్కలు చేసి రెండు డిస్కులకీ పంచుతుంది. ఒక పెట్టె పోతే రెండో పెట్టెలో మిగిలినవి చదవడానికి పనికిరావు. ఒక్క డిస్కు మీద పెట్టుకున్నదానికన్నా ఇది ప్రమాదం, ఎందుకంటే రెండిట్లో ఏది పోయినా మొత్తం పోయినట్టే. ఏడు నెలలు ఆ 7.2 అంకె నా కళ్ళ ముందే ఉంది. లెక్కలు చెప్పే మాస్టర్ని. నాలుగూ నాలుగూ ఎనిమిదైతే రెండో కాపీకి జాగా ఎక్కడిదని ఒక్కసారి అనుకోలేదు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాను. అన్నీ బాక్స్‌లోకి ఎక్కాయి కదా అని ఫోన్లలో చెరిపేశాను. పాత హార్డ్ డిస్కు ఖాళీ చేసి మా బావమరిది కొడుక్కి ఇచ్చేశాను. రోజూ గుర్తొస్తోంది, ఆ పని చెయ్యకుండా ఉంటే ఈ పోస్టే అక్కర్లేదు.

మొన్న గురువారం రాత్రి కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. తెల్లారి చూస్తే బాక్స్ మీద ఎర్ర లైటు. దగ్గరకెళ్తే లోపల టక్, టక్, టక్, కాసేపు ఆగి మళ్ళీ టక్, టక్. ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుణ్ణి పిలిపించాను. వాడు రెండు డిస్కులూ బయటికి తీసి, బాగున్నదాన్ని కంప్యూటర్‌కి పెట్టి, స్మార్ట్ రిపోర్ట్ అనేది తెరిచాడు. ప్రతి డిస్కూ తను ఎన్ని గంటలు నడిచిందో లోపల రాసుకుంటుందట, పవర్ ఆన్ అవర్స్ అని. అక్కడున్న అంకె 36,212.

“మామయ్యా, ఇది ఎప్పుడు కొన్నావు?” అన్నాడు. సంక్రాంతికి అన్నాను. ఇద్దరం లెక్క వేశాం. ఏడు నెలలు రాత్రీ పగలూ నడిచినా ఐదు వేల గంటల పైచిలుకు, అంతే. అంటే మా ఇంటికి వచ్చేసరికే అది 31 వేల గంటలు, మూడున్నరేళ్ళు ఏకధాటిగా ఎక్కడో తిరిగి వచ్చిన డిస్కు. సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే వారంటీ ఎప్పుడో అయిపోయిందని వచ్చింది. రెండోదీ అంతే.

ఇవాళ పొద్దున్న రెండు డిస్కులూ తువ్వాలులో చుట్టి బస్సెక్కాను. రావులపాలెం దాటి గౌతమి వంతెన మీద బస్సు కుదుపులకి వాటిని చంటిపిల్లలా ఒళ్ళో పట్టుకున్నాను. షాపులో జనం ఉన్నారు. అరగంట నిలబడ్డాను. ఈసారి కుర్చీ లేదు. డిస్కులు కౌంటర్ మీద పెట్టి, ఇవి పాతవండీ అని రిపోర్ట్ చూపించాను.

ఆయన డిస్కు వైపు చూడనైనా చూడలేదు. “బాక్స్ కొత్తదన్నాను మాస్టారూ. డిస్కులు కొత్తవని ఎక్కడన్నా అన్నానా? బిల్లు తియ్యండి” అన్నారు. తీశాను. ‘నాస్ బాక్స్ విత్ స్టోరేజ్ 8 టీబీ, 1’ అని ఒకే ఒక్క లైను ఉంది. డిస్కు కంపెనీ లేదు, సీరియల్ నంబరు లేదు.

“మరి ఒకటి పోయినా రెండోది ఉంటుందని అన్నారు కదండీ?”

“ఉంది కదా, మీ చేతిలోనే.”

పక్కనున్న ఇద్దరు నవ్వారు. నేను తల దించుకోలేదు, రైడ్ 0 ఎందుకు పెట్టారని అడిగాను. అప్పుడు ఆయన అన్న మాట అక్షరం మార్చకుండా రాస్తున్నాను: “మిర్రర్ పెడితే ఫోన్‌లో 3.6 కనపడుద్ది. ఎనిమిదని చెప్పి నాలుగిచ్చావేంటని మీరే వచ్చి తగువేసుకుంటారు. అందుకే అందరికీ అలాగే పెడతాం.”

మిర్రర్ అంటే ఆ రైడ్ 1నే. అంటే ఆయనకి తెలుసు. తెలియక జరిగిన పొరపాటు కాదు. ఒకటి పోతే రెండోది కాపాడదని తెలిసి, సోడా ఇచ్చి, నిశ్చింతగా పడుకోండి అని నా ముఖం మీద చెప్పారు. అందరికీ అలాగే పెడతామన్నారు చూశారా, ఆ మాట కోసమే నేను అన్నం తినకుండా ఇది రాస్తున్నాను. ఈ జిల్లాల్లో ఇంకా ఎన్ని ఇళ్ళల్లో ఆ బాక్సులు వెలుగుతున్నాయో!

లోపల మా నాన్నవి ఉన్నాయండీ అన్నాను. గొంతు పట్టేసింది నాకు. ఆయన వేరే కస్టమర్ వైపు తిరుగుతూ, “ఫోటోలే కదా మాస్టారూ, మళ్ళీ దింపుకోండి” అన్నారు.

మా నాన్న పోయి ఏడాదైంది. ఆ డిస్కులో జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియో ఉంది. కనుమ రోజు, కౌశిక దాటే ముందు, నాన్న తువ్వాలు నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకుని ప్రభ కిందకి దూరారు. ఆ వయసులో వద్దని మేం అరుస్తున్నా వినకుండా “అశ్శరభ శరభ” అని ఆయన వేసిన కేక, దానికి చుట్టూ ఉన్నవాళ్ళంతా అందుకోవడం, పదకొండు నిమిషాల వీడియో. ఎవర్ని దింపుకోను మళ్ళీ?

నేను ఏమీ అనలేకపోయాను. డిస్కులు చుట్టుకుని వచ్చేశాను. గట్టిగా నాలుగు మాటలు అనాల్సిందని దారంతా అనుకున్నాను.

హైదరాబాద్‌లో డేటా రికవరీ చేసేవాళ్ళకి ఫోన్ చేస్తే 55 వేలు అడిగారు, వస్తుందన్న గ్యారంటీ లేదన్నారు. రైడ్ 0 కాబట్టి రెండు డిస్కులూ పంపాలట. పంపుతున్నాను. తమ్ముడి ఫోన్‌లో అప్పట్లో వాట్సాప్‌లో పంపిన నలభై సెకన్ల ముక్క దొరికింది, మసగ్గా ఉంది. కేక మాత్రం వినిపిస్తోంది.

కొనబోయేవాళ్ళకి నాకు ఇప్పుడు తెలిసినవి చెబుతాను. బాక్స్ వేరుగా, డిస్కులు వేరుగా సీల్‌తో కొనండి. ప్రతి డిస్కు సీరియల్ నంబరూ బిల్లు మీద రాయించండి, డబ్బులు ఇచ్చేముందే షాపులో నిలబడి కంపెనీ సైట్‌లో వారంటీ చూడండి. బిగించిన రోజే నడిచిన గంటలు చూడండి, కొత్తదానికి సున్నానో దాని దగ్గరో ఉండాలి. అదొక్కటీ చూసి ఊరుకోకండి, ఆ గంటల్ని చెరిపేసి అమ్మేవాళ్ళూ ఉన్నారు. 2025 మొదట్లో జర్మనీలో వాడేసిన సీగేట్ డిస్కుల్ని అలాగే కొత్తవని అమ్మితే, ఫార్మ్ అని లోపలుండే ఇంకో లెక్క చూస్తే బయటపడింది. ఎస్‌ఎమ్‌ఆర్ రకం డిస్కులు, అంటే రాసే వరసల్ని ఒకదాని మీదకి ఒకటి కొంచెం ఎక్కించి ఇరికించేవి, కూడా వద్దని మేనల్లుడు అంటున్నాడు. పోయిన డిస్కు బదులు కొత్తది పెట్టినప్పుడు దాని మీదకి అంతా మళ్ళీ రాయడానికి అవి బాగా ఆలస్యం చేస్తాయట, నాస్‌కి ఆ వరసలు విడివిడిగా ఉండే సీఎమ్‌ఆర్ రకం అడిగి తీసుకోమన్నాడు.

రైడ్ 1 పెట్టుకున్నా అది బ్యాకప్ కాదు. పొరపాటున చెరిపితే రెండిట్లోనూ చెరిగిపోతుంది. పిడుగు పడితే, వరద నీళ్ళు ఇంట్లోకొస్తే రెండూ ఒకే బాక్స్‌లో పోతాయి. ఇంకో కాపీ వేరే హార్డ్ డిస్కులో, వేరే ఊళ్ళో, అక్కగారింట్లోనో ఎక్కడో ఉండాలి. బాక్స్‌కి యూపీఎస్ పెట్టండి, నేల మీద పెట్టకండి.

నేను 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేస్తున్నాను. తర్వాత జిల్లా కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వెయ్యొచ్చు. జనవరి ఆఫర్‌లో ఆ సెట్ కొన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే కింద రాయండి, కలిసి వేద్దాం.

ఆ బాక్స్ ఇంట్లో ఉన్నవాళ్ళు ఇవాళ రాత్రే యాప్ తెరిచి మొత్తం సైజు చూడండి. రెండు 4 టీబీ డిస్కులకి 7.2 చూపిస్తే, ముందు అన్నీ బయట హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. కాపీ అయ్యిందని నాలుగు ఫైళ్ళు తెరిచి చూసుకున్నాకే సెట్టింగ్ మార్చండి, రైడ్ 0 తీసి రైడ్ 1 పెట్టేటప్పుడు లోపలున్నవన్నీ చెరిగిపోతాయి.