సీబీటీనా, తోటివాళ్ల గ్రూపా: డిప్రెషన్‌కి ఏది మేలు?

డిప్రెషన్ అని డాక్టర్ తేల్చాక చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "మందులు సరే, ఇంకేం చేయాలి?" ఒకరు సీబీటీ, అంటే ఆలోచనల్నీ నడవడికనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స, చేయించుకోమంటారు. ఇంకొకరు, సైకాలజిస్టులకి డబ్బులు పోయడం ఎందుకు, ఈ బాధ పడ్డవాళ్లతోనే మాట్లాడితే చాలదా అంటారు. నేను రెండూ చూశాను. మొదట సైకాలజిస్టు దగ్గర సీబీటీ, తర్వాత ఆదివారం సాయంత్రాలు కూర్చునే ఒక సపోర్ట్ గ్రూప్. నా మొగ్గు సీబీటీ వైపే. కానీ గ్రూపు లేకపోయుంటే అక్కడ నేర్చుకున్నది నా దగ్గర ఎన్నాళ్లు నిలిచేదో అనుమానమే.

పోలికలోకి దిగేముందు ఒక మాట. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, తిండీ నిద్రా పోయి మంచం దిగలేకపోతున్నా, ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నా ఇది మీరు ఎంచుకుంటూ కూర్చునే సమయం కాదు. ముందు సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాలి. రాత్రిపూట వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ పడవు.

ఇక సీబీటీ. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి డిప్రెషన్ విషయంలో పునాది వేసింది ఫిలడెల్ఫియాలో పనిచేసిన ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు, 1960లలో. ఆయన చదువుకున్నది ఫ్రాయిడ్ దారి. కానీ తన దగ్గరికి వచ్చేవాళ్ల మాటలు వింటున్నకొద్దీ, అప్పటికప్పుడు మనసులో తట్టి మాయమయ్యే చిన్న చిన్న ఆలోచనలే వాళ్లని ఎక్కువ కుంగదీస్తున్నాయని గమనించాడు. "నేను ఎందుకూ పనికిరాను", "ఇంక ఏదీ బాగుపడదు" లాంటివి. వాటిని పట్టుకుని, కాగితం మీద పెట్టి, నిజమో కాదో సరిచూసే పద్ధతి తయారు చేశాడు. 2021లో, నూరేళ్ల వయసులో పోయాడు.

బయటినుంచి చూసేవాళ్లకి ఇది "పాజిటివ్‌గా ఆలోచించు" అని చెప్పడమే కదా అనిపిస్తుంది. కాదు. నా సంగతే చెబుతాను. ఒక సాయంత్రం మా అక్క ఫోన్ ఎత్తలేదు. నాకు వెంటనే తట్టింది: "నా ఏడుపు వినలేక తప్పించుకుంటోంది." ఆ వారం సెషన్‌లో అది చెబితే మేడం నన్ను ఓదార్చలేదు. కాగితం మీద గళ్లు గీయించారు. ఏం జరిగింది, ఏమనిపించింది, దాన్ని నూటికి ఎంత నమ్ముతున్నారు, అది నిజమనడానికి రుజువేంటి, కాదనడానికి రుజువేంటి.

"నూటికి ఎంత?"

"తొంభై."

"మీ అక్కగారు ఆ టైంలో ఏం చేస్తుంటారు?"

"పిల్లల్ని ట్యూషన్‌లో దింపడానికి బండి మీద వెళ్తుంది."

"బండి నడుపుతూ ఫోన్ ఎత్తుతారా?"

"ఎత్తదు."

"ఇప్పుడు నూటికి ఎంత?"

నలభై అన్నాను, అదీ అయిష్టంగానే. తొంభై కాస్తా సున్నా అయిపోలేదు. అలా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ నలభై ఉన్నప్పుడు అక్కకి మళ్లీ ఫోన్ చేయగలిగాను. తొంభై దగ్గరే ఉండిపోతే చేసేదాన్ని కాదు.

రెండో భాగం నడవడికది. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లం మనసు బాగుపడ్డాక లేచి పని చేద్దామనుకుంటాం. సీబీటీ దాన్ని తిరగేస్తుంది: ముందు చిన్న పని చెయ్యి, మనసు వెనకాల వస్తుందో రాదో చూద్దాం. గంటగంటకీ ఏం చేశామో రాసుకుని, ఎంత ఊరటగా ఉందో, ఎంత సాధించినట్టు అనిపించిందో పదికి మార్కులు వేసుకోవాలి. మధ్యాహ్నమంతా ఫోన్ చూసినదానికి ఒకటి, పెరట్లో మల్లెమొక్కకి నీళ్లు పోసినదానికి నాలుగు వచ్చాయి. నా చేత్తో రాసిన అంకెలు కాబట్టి నమ్మాను, వేరేవాళ్లు చెబితే వాదించేదాన్ని.

మరి కష్టం ఎక్కడ? హోంవర్క్ దగ్గర. కాగితం ముందు కూర్చోడానికే ఓపిక లేని జబ్బుకి వైద్యం కాగితమే. రాయలేకపోయిన వారం వెళ్లడానికి మొహం చెల్లదు, రెండు వారాలు ఎగ్గొడతాం, ఆ పైన మానేస్తాం. అలా మధ్యలో వదిలేసినవాళ్లు నాకు చాలామందే తెలుసు. నిజానికి రాయని వారమే తప్పక వెళ్లాల్సిన వారం, ఎందుకు రాయలేకపోయామన్నదే ఆ రోజు సెషన్‌కి సరుకు.

ఇంకో చిక్కు, సీబీటీ అని బోర్డు పెట్టి నీతులు చెప్పి పంపేవాళ్లు. ఒక చోట నాకు గంటసేపు యోగా గురించి ఉపన్యాసం ఇచ్చి ఫీజు తీసుకున్నారు. మొదటి ఫోన్‌లోనే అడగండి: ఎన్ని సెషన్లకి ప్లాన్ చేస్తారు, జబ్బు ఎంత తగ్గిందో వారం వారం స్కోరు చూస్తారా, ఇంటిపని ఇస్తారా. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకుంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. సెషన్ తెలుగులో జరుగుతుందా అన్నది కూడా. తెల్లారుజామున మూడింటికి లేపే ఆలోచన ఏ భాషలో వస్తుందో దాన్ని ఆ భాషలోనే రాయగలగాలి.

గ్రూపు ఇచ్చేది వేరు. నేను వెళ్లేది ఒక లైబ్రరీ పైన గదికి. ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ. మొదటి రోజు, బ్యాంకులో చేసి రిటైరైన ఒక పెద్దాయన అన్నారు: "నాలుగు రోజులైందండీ స్నానం చేసి. ఇవాళ ఇక్కడికి రావాలి కదా అని చేశాను." ఎవరూ నవ్వలేదు, ఎవరూ అయ్యో పాపం అనలేదు. పక్కనున్న అమ్మాయి, "నాకైతే తల దువ్వుకోవడం అంకుల్, చిక్కు చూస్తేనే ఏడుపొస్తుంది" అంది. నెలల తరబడి నేను థెరపిస్టుకి కూడా చెప్పుకోలేని సంగతి అది. ఆవిడ తప్పుపడతారని కాదు. శుభ్రంగా ఇస్త్రీ చీరలో కూర్చున్న మనిషికి "నేను పళ్లు తోముకోలేదు" అని చెప్పడానికి నోరు రాదు, అంతే.

మన ఇళ్లలో వినే మాటలు తెలిసినవే. "నీకేం తక్కువ?" "పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి." "మంగళవారం ఆంజనేయస్వామి గుడికి వెళ్లు." అన్నవాళ్లకి ప్రేమ లేక కాదు. గ్రూపులో ఆ మాటలు ఉండవు, ముందు నుంచీ వివరించే పనీ ఉండదు. ఆరు నెలల కిందట మీలాగే ఉన్న మనిషి ఇప్పుడు ఉద్యోగానికి వెళ్తున్నాడంటే, అది మీరు కళ్లారా చూసే రుజువు. ఏ డిగ్రీ ఉన్న థెరపిస్టూ దాన్ని ఇవ్వలేరు.

అయితే గ్రూపుతో ప్రమాదాలూ ఉన్నాయి, వాటిని చాలామంది చెప్పరు. మొదటిది, అందరూ కలిసి మునిగిపోవడం. వారం వారం అదే అత్తగారు, అదే మేనేజరు, అదే కథ. చెప్పుకున్న గంటసేపు తేలిగ్గా ఉంటుంది, ఇంటికొచ్చాక బరువు రెట్టింపవుతుంది, ఎందుకంటే ఇప్పుడు పదిమంది బాధ కూడా మన నెత్తిన ఉంది. రెండోది మందుల సలహాలు. "ఆ మాత్ర నేను మానేశాను, నాకేం కాలేదు" అని ఒకరంటే ఇంకొకరు మర్నాడే మానేస్తారు. డిప్రెషన్ మందులు చాలావాటిని ఉన్నట్టుండి ఆపితే కళ్లు తిరగడం, వికారం, నిద్ర చెడడం, జబ్బు తిరగబెట్టడం ఉంటాయి. మూడోది వాట్సాప్. అర్ధరాత్రి ఒకరు "ఇంక నావల్ల కాదు" అని మెసేజ్ పెడితే, తమకే నిద్రపట్టని పదిమంది దాన్ని చూస్తారు. దానికి ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోని గ్రూపు మంచి గ్రూపు కాదు.

పరిశోధనలు ఏమంటున్నాయి? తోటివారి సాయం మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసి 2011లో ఒక విశ్లేషణ వచ్చింది. డిప్రెషన్ లక్షణాలు తగ్గించడంలో మామూలు వైద్యం ఒక్కటే కన్నా తోటివారి సాయం మెరుగ్గా ఉంది, గ్రూపులో చేసే సీబీటీతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గ్రూపువాళ్లు దీన్ని గర్వంగా చెప్పుకుంటారు. నేను కొంచెం ఆగి చూస్తాను. అవి చిన్న అధ్యయనాలు. పైగా పోలిక గ్రూపు సీబీటీతో, ఒక్కరితో కూర్చుని చేసేదానితో కాదు.

నన్ను సీబీటీ వైపు మొగ్గించింది 2005లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లలో మందులతో కోలుకుని మందులు ఆపేసినవాళ్లలో ఏడాదిలోపు నూటికి 76 మందికి తిరగబెట్టింది. సీబీటీతో కోలుకుని సెషన్లు ఆపేసినవాళ్లలో అది 31. అంటే నేర్చుకున్నదేదో ఆపాక కూడా పనిచేస్తోంది. దీన్ని చదివి మందులు మానేయకండి. మందులు కొనసాగించినవాళ్లకీ తిరగబెట్టడం బాగా తగ్గింది. ఎవరిది ఎప్పుడు ఆపాలో వాళ్ల డాక్టరే చెప్పాలి.

మన దేశానికి మాత్రం గోవా అనుభవమే ఎక్కువ పనికొస్తుంది. అక్కడ సంగత్ అనే సంస్థలో సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం, మనస్తత్వశాస్త్రం చదవని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టారు. చేసిన పని సీబీటీలోని ఆ నడవడిక భాగమే, ఆరు నుంచి ఎనిమిది సెషన్లు. 2017లో వచ్చిన ఫలితాల్లో, మూడు నెలలకి వీళ్ల దగ్గర తేరుకున్నవాళ్లు నూటికి 64, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 39. వచ్చినవాళ్లది తేలికపాటి దిగులు కాదు, గట్టి డిప్రెషనే. ఇంగ్లండ్‌లో 2016లో వచ్చిన కోబ్రా అధ్యయనం కూడా ఈ నడవడిక భాగం ఒక్కదాన్నే, థెరపీలో ప్రత్యేక డిగ్రీలు లేని జూనియర్ సిబ్బంది చేసినా, పూర్తి సీబీటీకి తీసిపోలేదని తేల్చింది.

అంతకుముందు, 2008లో, పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో ఇంకా ఆశ్చర్యమైన ఫలితం వచ్చింది. మన ఆశా కార్యకర్తల్లా ఇంటింటికీ తిరిగే మహిళలు, డిప్రెషన్‌లో ఉన్న గర్భిణులకి, బాలింతలకి సీబీటీ మెళకువలు నేర్పారు. బిడ్డ పుట్టిన ఆరు నెలలకి ఇంకా డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు నూటికి 23, మామూలుగా చూసిన ఊళ్లలో 53. తర్వాత అదే పనిని ఆరోగ్య సిబ్బంది కాని ఇరుగుపొరుగు ఆడవాళ్లతో గోవాలో, రావల్పిండిలో చేయిస్తే లాభం ఉంది కానీ అంత పెద్దది కాదు.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు అర్థమైంది ఇది. తేడా థెరపిస్టుకీ తోటివాళ్లకీ మధ్య ఉన్నది కాదు, పద్ధతి ఉన్నదానికీ లేనిదానికీ మధ్య ఉన్నది. 1937లోనే షికాగోలో అబ్రహాం లో అనే డాక్టరు తన రోగుల కోసం రికవరీ అనే సంఘం పెట్టాడు. బెక్ కన్నా చాలా ముందు. తర్వాత రోగులే మీటింగులు నడిపారు, కానీ తోచినట్టు కాదు: ఏం జరిగింది, ఒంట్లో ఏమైంది, ఏ ఆలోచన వచ్చింది, దాన్ని ఎలా మార్చుకున్నావు అని వరసగా చెప్పాలి. ఈనాటికీ ఆ సంఘం నడుస్తోంది.

డబ్బు లెక్క వేస్తే గ్రూపుదే పైచేయి. హైదరాబాద్‌లో ప్రైవేటు సెషన్ వెయ్యి నుంచి రెండు మూడు వేల దాకా అవుతుంది, వారానికొకటి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలోనో విశాఖ చినవాల్తేరు ఆసుపత్రిలోనో డాక్టరు దొరుకుతారు, మందులు దొరుకుతాయి. ఆ రద్దీలో వారం వారం మీకోసం ఒక గంట దొరకడమే కష్టం. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ చేసిన 2015-16 జాతీయ సర్వే ప్రకారం డిప్రెషన్ లాంటి మామూలు మానసిక సమస్యలున్నవాళ్లలో నూటికి 85 మందికి ఏ వైద్యమూ అందడం లేదు. వాళ్లకి ఏది మేలని వాదించడంకన్నా ఏదో ఒకటి అందడమే పెద్ద సంగతి. ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లకి మాత్రం ఒక వీలుంది, డాక్టరు చీటీ లేకుండానే అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ నడిపే టాకింగ్ థెరపీస్‌కి నేరుగా పేరు ఇచ్చుకోవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు.

చిన్న ఊళ్లలో గ్రూపుకి ఇంకో ఇబ్బంది. కుర్చీలో కూర్చోగానే ఎదురుగా పెదనాన్నగారి వియ్యంకుడు. అలాంటి చోట కెమెరా ఆపుకునే వీలున్న ఆన్‌లైన్ గ్రూపే నయం.

మరి ఎవరికి ఏది? ఇదే మొదటిసారి అయితే, డబ్బుకి మరీ ఇబ్బంది లేకపోతే, సీబీటీతో మొదలుపెట్టమంటాను. పద్ధతి చేతికొచ్చాక గ్రూపుకి వెళ్లినవాళ్లు మునగరు. సీబీటీ అయిపోయి, ఆ కాగితాలు బీరువాలో పడి, మళ్లీ పొద్దున్నే లేవాలనిపించకపోతుంటే గ్రూపే సరి. అక్కడ "పోయిన వారం చేస్తానన్నది చేశావా?" అని అడిగే మనిషి ఉంటే చాలు. బాలింతలకి, మంచాన పడ్డవాళ్లని చూసుకుంటూ కుంగిపోయినవాళ్లకి నేను గ్రూపునే ముందు చెబుతాను, ఒంటరితనమే అక్కడ సగం జబ్బు. రాయడానికి కూడా చేతులు రాని దశలో రెండూ కష్టమే. మందులు కొంచెం పట్టుకున్నాక మొదలుపెట్టొచ్చు.

జబ్బు ఎంత ఉందో తెలుసుకోడానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నాపత్రం వాడండి. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. పది గానీ ఆ పైన గానీ వస్తే డాక్టర్ని కలవాలి, ఇరవై గానీ ఆ పైన గానీ అయితే తీవ్రం. మొత్తం తక్కువే వచ్చినా, చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి సున్నా రాకపోతే కూడా డాక్టర్ని కలవాల్సిందే.

నెలకి నాలుగు సెషన్లు భరించలేకపోతే థెరపిస్టునే సూటిగా అడగండి: మొదటి రెండు నెలలు వారానికొకటి వస్తాను, తర్వాత నెలకొకటికి తగ్గించి మిగతా వారాలు గ్రూపుకి వెళ్లొచ్చా అని. ఒప్పుకునేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకపోతే కారణం అడగండి. "మీ స్కోరు ఇంకా ఇరవై దగ్గరే ఉంది" అంటే అది సరైన కారణమే, వినాలి. "గ్రూపులన్నీ టైం వేస్ట్" అంటే మాత్రం వేరే థెరపిస్టుని వెతుక్కోండి.