మెషీన్ లెర్నింగ్ సొంతంగా రాయాలంటే జూలియా, రస్ట్, లువా భాషల్లో ఏది మేలు?

మన నల్గొండ వైపు బీటెక్ పిల్లల మెషీన్ లెర్నింగ్ (పాత డేటా చూసి కంప్యూటరే అంచనా నేర్చుకోవడం) ప్రాజెక్టు చాలావరకు ఒకేలా ఉంటుంది. పైథాన్ తెరిచి, సైకిట్-లెర్న్ అనే రెడీమేడ్ లైబ్రరీ తెచ్చుకుని, ఫిట్ (నేర్చుకో), ప్రిడిక్ట్ (అంచనా చెప్పు) అని రెండు లైన్లు రాస్తారు. వైవాలో "లోపల ఏం జరిగింది?" అని అడిగితే టెన్షన్. అందుకే ఒక్క ఆల్గారిథమ్‌నైనా మొదటి నుంచి సొంతంగా రాయాలి. అది కూడా పైథాన్‌లో వద్దు, పక్క ట్యాబ్‌లోంచి కాపీ కొట్టాలనిపిస్తుంది.

పోల్చడానికి మన జిల్లా లెక్కే తీసుకుందాం. బోరు లోతు, నీటి పీహెచ్, హార్డ్‌నెస్ ఇచ్చి, ఫ్లోరైడ్ తాగునీటికి పెట్టిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటుతుందో లేదో చెప్పించాలి. మర్రిగూడ, మునుగోడు వాళ్లకు ఈ హద్దు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ మూడు కొలతల్లో కొత్త బోరుకు బాగా దగ్గరగా ఉన్న ఐదు పాత బోర్లను వెతికి, ఎక్కువ బోర్లు ఎటుంటే అటే జవాబు అనుకోవడం. దీన్నే కే-నియరెస్ట్ నైబర్స్ అంటారు.

జూలియా లెక్కల కోసమే పుట్టిన భాష. 2012లో బయటికొచ్చింది, 2018లో 1.0 అయింది. పుస్తకంలోని ఫార్ములాను గ్రీకు అక్షరాలతో సహా దాదాపు అలాగే రాసుకోవచ్చు, వేగమూ బాగుంటుంది. నాకు నచ్చనిది ఈ సుఖమే. లీనియర్ రిగ్రెషన్‌కు (డేటాకు సరిపోయే సరళ రేఖ వెతకడానికి) ఒక్క బ్యాక్‌స్లాష్ పెడితే లీస్ట్ స్క్వేర్స్ జవాబు, అంటే తప్పుల వర్గాల మొత్తం అతి తక్కువగా ఉండే రేఖ, వచ్చేస్తుంది. మరి మనం నేర్చుకున్నదేంటి?

రస్ట్‌లో దీనికి పూర్తిగా తిరగేసిన పరిస్థితి. బోర్ల మధ్య దూరాలను సార్ట్ చేయబోతే కంపైలర్ (కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రాం) ఒప్పుకోదు. దశాంశ సంఖ్యల్లో నాన్ (NaN, 'ఇది సంఖ్య కాదు') అనే విలువ ఒకటుంటుంది, అది దేనికన్నా చిన్నదీ కాదు, పెద్దదీ కాదు. దాన్ని ఏం చేయాలో ముందు మీరే తేల్చాలి. విసుగొస్తుంది కానీ ఇది పనికొచ్చే గొడవే. హార్డ్‌నెస్ గడి ఖాళీగా ఉన్న బోరు మన డేటాలో తప్పకుండా ఉంటుంది, చాలా భాషల్లో అది నాన్‌గా మారి చప్పుడు లేకుండా లెక్క పాడు చేయొచ్చు. డెసిషన్ ట్రీ (అవును-కాదు ప్రశ్నల చెట్టు) రాయడానికి రస్ట్ ఈనమ్ (ఒక విలువ ఇన్ని రకాల్లో ఏదో ఒకటని చెప్పే టైపు) చాలా అందంగా అమరుతుంది. న్యూరల్ నెట్‌వర్క్‌కు లెక్కల గ్రాఫ్ కట్టి గ్రేడియంట్లు (తప్పు తగ్గాలంటే ఏది ఎంత మార్చాలో చెప్పే విలువలు) వెనక్కి పంపే దగ్గర మాత్రం, గ్రాఫ్‌లోని ఏ నోడ్ ఎవరి సొత్తు అని కంపైలర్‌తో తగవుతోనే వారం గడిచిపోతుంది. అసలు ఆల్గారిథమ్ పక్కకు పోతుంది.

లువా 1993లో బ్రెజిల్‌లో పుట్టింది. ఆటల్లో వాడే భాష కదా అని తీసిపారేయకండి, ఇప్పుడు అందరూ వాడే మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ పైటార్చ్ కంటే ముందు వచ్చిన టార్చ్ లువాలోనే నడిచింది. సోర్సు మొత్తం కంప్రెస్ చేసిన ఫైలుగా అర మెగాబైటు కూడా ఉండదు, కాలేజీ ల్యాబ్‌లోని పాత కంప్యూటర్‌లోనూ హాయిగా ఆడుతుంది. ఇందులో మాట్రిక్స్ లేదు, సగటు తీసే ఫంక్షన్ కూడా లేదు, అన్నీ మనమే రాసుకోవాలి. దూరం లెక్కించే లూప్ చేత్తో రాస్తే ఒక సంగతి కళ్లముందే కనిపిస్తుంది. లోతుల మధ్య తేడా వందల ఫీట్లు, పీహెచ్ తేడా మామూలుగా ఒకటీ రెండూ దాటదు. రెండింటినీ వర్గం చేసి కలిపితే పీహెచ్ ఉన్నా లేనట్టే. స్కేలింగ్ (కొలతలన్నిటినీ ఒకే స్థాయికి తేవడం) ఎందుకో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. లోపమూ ఉంది. వేరియబుల్ పేరులో ఒక అక్షరం తప్పితే లువా ఏమీ అనదు, నిల్ ('ఏమీ లేదు') అని ఇచ్చి ఊరుకుంటుంది. వేగం కూడా తక్కువే, కానీ కొన్ని వందల బోర్లకు అదొక సమస్య కాదు.

మొదటిసారి నేర్చుకునేవాళ్లకు నా ఓటు లువాకే. ఎంటెక్, రిసెర్చ్ వైపు వెళ్తామనుకుంటే జూలియా మీద పెట్టిన సమయం వృథా పోదు. రస్ట్ మాత్రం ఆల్గారిథమ్ చేతికొచ్చాక పట్టండి. ప్లేస్‌మెంట్ కోసమే అయితే ఈ మూడింటి కంటే పైథాన్, జావాలే నయం, అందులో మొహమాటం లేదు.

లువాలో రాసింది సరైనదో కాదో చూసుకోవడానికి అదే డేటాను సైకిట్-లెర్న్‌కు ఇవ్వండి, అందులోనూ మామూలుగా ఐదు పొరుగులే. జవాబులు కలవకపోతే ముందు స్కేలింగ్ చూడండి. ఆ పని సైకిట్-లెర్న్ తనంతట తాను చేయదు.